ఒడి నిండనివారి ఓదార్పు

హైదరాబాదు నగరమందు నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ అను పేటలు దగ్గర దగ్గరగా యున్నవి. కాలినడకను బయలుదేరినవారు ఒక్క సాయంకాలములో మూడింటిని చూచి రావచ్చును. నారాయణగూడలో బాప్టిస్టు దేవాలయము కలదు. చిక్కడపల్లిలో వేంకటేశ్వరస్వామి గుడి కలదు. కొంచెము ముందుకు పోయినచో ముషీరాబాదులో మసీదులు కలవు. అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీ యువకులు అద్దె గదులలో కాలము గడుపుచు, నియామక ప్రకటన ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుచున్నారు. అయితే ఇదే వీధులలో మరియొక విధముగా ఎదురుచూచువారును ఉన్నారు. నగరమందు ఎటు పోయినను ఇప్పుడు కనబడు ‘సంతాన సాఫల్య కేంద్రము’ అను బోర్డులను చదువుచు, చదువనట్లు తల దించుకొని నడచి పోవువారు వీరు.

పెండ్లియై ఏడాది తిరిగిన కోడలిని చూచి ‘ఏమైన విశేషమా?’ అని అడుగుట మన వాడుక. మొదటి సంవత్సరమున ఆ ప్రశ్న ముద్దుగా నుండును. మూడవ సంవత్సరమున అది ముల్లగును. అయిదవ సంవత్సరమున అడుగుట మానుదురు, మానుటయే గాయమగును. సీమంతమునకు పిలుపు రాదు. వచ్చినను, పేరంటములో ముందు వరుసనుండి ఎవరో మెల్లగా వెనుకకు జరుపుదురు. ఈ దుఃఖము అరుదైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఇంచుమించు ఆరుగురిలో ఒకరు తమ జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొనుచున్నారు. అనగా మీ దేవాలయములో ఈ ఆదివారము మీ బల్లమీదనే ఒకరు ఈ భారముతో కూర్చుండి యుండవచ్చును.

ఇట్టివారికి మతము ఏమి చేసినది? ఓదార్చినదా, భారమును హెచ్చించినదా? ఈ ప్రశ్నను మన తెలుగు దేశపు చరిత్రను బట్టి కొంత విచారింతము.

పూర్వపు జాడలు

సంతానము కొరకు దేవుని వేడుకొనుట ఒక మతమువారి సొత్తు కాదు. దశరథుడు పుత్రకామేష్టి చేసిన కథ తెలుగు పిల్లలందరు ఎరిగినదే. కుమారుడు లేనివాడు పున్నామ నరకమున పడునను భయము తరతరముల హిందూ కుటుంబములను పట్టి యుండెను. తర్పణము విడుచుటకు, పిండము పెట్టుటకు కుమారుడు కావలెను. రావిచెట్టు, వేపచెట్టు కలిసిన గట్టున నాగప్రతిమలను నిలుపుట, నాగులచవితికి పుట్టలో పాలు పోయుట, చెట్టుకొమ్మకు గుడ్డ ఊయల కట్టుట నేటికిని మనము చూచుచున్న ఆచారములే. కృష్ణా జిల్లా మోపిదేవిలోని సుబ్రహ్మణ్యేశ్వరుని గుడికి బిడ్డలు లేని దంపతులు దూరదేశములనుండి వచ్చుచున్నారు.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా కలదు. మొహర్రము నెలలో అక్కడ జరుగు రొట్టెల పండుగను గూర్చి మీరు వినియుందురు. చదువు రొట్టె, ఉద్యోగపు రొట్టె, పెండ్లి రొట్టె అని ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క రొట్టె. వాటిలో సంతాన రొట్టె ఒకటి. బిడ్డ కలిగిన తల్లి చెరువులో నిలిచి రొట్టె పంచును. బిడ్డ లేని స్త్రీ దానిని అందుకొని తినును. కోరిక తీరినచో మరుసటి ఏట తానే రొట్టె తెచ్చి వేరొకరికి ఇచ్చును. వచ్చువారిలో ముసల్మానులకంటె హిందువులు తక్కువ కారు, క్రైస్తవులును కలరు. ఆ నమ్మకమును మనము అంగీకరింపకపోవచ్చును. అయినను ఒక్క సంగతి గమనింపుడు: అక్కడ బిడ్డ గల తల్లి బిడ్డ లేని స్త్రీని చూచి తొలగిపోదు, ఎదురువచ్చి చేతిలో రొట్టె పెట్టును. మన పేరంటములలో జరుగనిది ఆ చెరువులో జరుగుచున్నది.

బెజవాడ దగ్గర గుణదల కొండమీద 1924 లో మరియమ్మ ప్రతిమను నిలిపిరి. ఏటేట ఫిబ్రవరి 11 వ తేదీన జరుగు తిరునాళ్లకు అన్ని మతములవారును వచ్చి తలనీలాలు ఇచ్చుచున్నారు. తమిళదేశపు వేళాంగణ్ణిలో చిన్న ఊయలలను అర్పించుట వాడుక. ప్రొటెస్టంటు సంఘములలో మ్రొక్కుబడులను పెద్దలు ఒప్పుకొనరు. అయినను ఉపవాస కూటములు, రాత్రి ప్రార్థనలు, అభిషేకపు నూనె సీసాలు మన యిండ్లలో లేవని ఎవరు చెప్పగలరు?

ఈ చరిత్ర అంతయు మన పేర్లలో వ్రాయబడి యున్నది. పుట్టకు మ్రొక్కగా పుట్టినవాడు నాగయ్య. దర్గాకు మ్రొక్కగా హిందువుల యింట పుట్టినవారు మస్తానయ్య, సైదులు, హుస్సేనమ్మ. పుట్టిన బిడ్డలు దక్కక, దిష్టి తగులకుండ విస్తరిమీద దొర్లించి పెంచుకొన్నవాడు పుల్లయ్య. పెంటమీద దొర్లించినవాడు పెంటయ్య. క్రైస్తవుల యిండ్లలో సమూయేలు, వరప్రసాదు, దేవదానము, దీవెనమ్మ. ఈసారి మీ సంఘపు బాప్తిస్మపు పుస్తకమును తిరుగవేసినప్పుడు ఈ పేర్లను చదువుడు. ఒక్కొక్క పేరు వెనుక ఎన్ని యేండ్ల కన్నీరు ఉన్నదో!

మ్రొక్కు భారమగునప్పుడు

ఓపికతో ఎదురుచూచువానికి మతము చేతికఱ్ఱ. కాని ఆ కఱ్ఱతోనే స్త్రీని కొట్టిన కాలములును గలవు. ఎనిమిదేండ్లు బిడ్డలు కలుగనిచో వేరొక భార్యను తెచ్చుకొనవచ్చునని మనుధర్మ శాస్త్రము విధించినది. మన గ్రామములలో చెల్లెలినే సవతిగా తెచ్చి అక్కయింట దింపిన కథలు ముసలివారు చెప్పుదురు. దీనిని హిందువుల తప్పుగా మాత్రమే చెప్పుట న్యాయము కాదు. మన విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము ఇంటను హాగరు కథ అదే. ఆ యింట శాంతి లేకపోయెనని గ్రంథము దాచక చెప్పుచున్నది. 1955 లో వచ్చిన హిందూ వివాహ చట్టము రెండవ పెండ్లిని నిషేధించినది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టమునందును బిడ్డలు లేకపోవుట విడాకులకు కారణముగా చేర్చబడలేదు. చట్టము ఆపినది, నాలుకను ఎవరు ఆపగలరు?

హైదరాబాదును చుట్టియున్న రంగారెడ్డి జిల్లాలో బిడ్డలు లేని స్త్రీలను గూర్చి జనాభా శాస్త్రజ్ఞురాలు సయీద్ ఉనీసా చేసిన పరిశోధన 1999 లో ప్రచురింపబడెను. వైద్యుని యొద్దకును పుణ్యక్షేత్రములకును తిరుగుట, ఇంటిలోను వెలుపలను మాటలు పడుట, అనుమానములకు గురియగుట ఆ స్త్రీల బ్రతుకుగా అందులో కనబడుచున్నది. వైద్యమును, దైవమును ఎదురుబొదురు శత్రువులని మనము అనుకొందుము. ఆ స్త్రీలకు అవి రెండును ఒకే దారిలోని రెండు మజిలీలు.

ఆ దాహము ఎంతటిదో 2024 ఏప్రిల్ 19 వ తేదీన హైదరాబాదు వారందరు చూచిరి. చిలుకూరు బాలాజీ గుడిలో బ్రహ్మోత్సవముల సందర్భమున, సంతానము లేని స్త్రీలకు గరుడ ప్రసాదము పంచుదురని వార్త ప్రాకెను. గుడివారు తలచినదానికి ఎన్నో రెట్లు జనము తెల్లవారకముందే కదలెను. మొయినాబాదు రోడ్డుమీద వాహనములు మైళ్ల పొడవున నిలిచిపోయెను. ప్రసాదము అందక తిరిగిపోయినవారు అనేకులు. మరునాడు కొందరు నవ్విరి. ప్రియ చదువరీ, మనము నవ్వకుందము. ఆ కారులలో చదువుకొన్నవారు, ఉద్యోగములు చేయువారు కూర్చుండియుండిరి. ప్రతి ఆసుపత్రి చీటీతోపాటు ఒక ఆశయు చచ్చినవారు, చేతికి అందిన దేనినైనను పట్టుకొందురు.

మన మధ్య జరుగునది చూచినచో నవ్వుటకు మనకు హక్కు లేదు. స్త్రీల సమాజపు కూటములో ‘బిడ్డలు లేనివారు ముందుకు రండి’ అని పిలిచి, అందరు చూచుచుండగా ఒకామెను మోకరింపజేయుట మన సంఘములలో కలదు. ఏడాది గడిచి ఫలము కనబడనప్పుడు ‘విశ్వాసము చాలలేదు, ఇంటిలో ఏదో పాపము దాగియున్నది’ అని చెవులు కొరుక్కొనుట కూడ కలదు. గ్రుడ్డివాని చూచి ‘పాపము వీనిదా, తల్లిదండ్రులదా’ యని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు రెండును కాదని చెప్పెను గదా! ఆయన కొట్టివేసిన లెక్కను మనము మరల వ్రాయుచున్నాము.

హన్నా ముఖము

గ్రంథములో బిడ్డలు లేని స్త్రీలు అనేకులు. రాహేలు సంతానము కొరకు పుత్రదాత వృక్షపు పండ్లను అక్కయొద్ద బేరమాడెను. పండ్లు తీసికొనినది ఆమె, గర్భవతియైనది అక్క. నాటువైద్యమును, మూలికలను నమ్ముట ఎంత పాతదో దీనినిబట్టి తెలియుచున్నది. అయితే మన విచారణకు ముఖ్యమైనది హన్నా కథ.

ఆమెను సవతియైన పెనిన్నా ప్రతి సంవత్సరము పండుగనాడే నొప్పించుచుండెను. గమనింపుడు: దుఃఖము హెచ్చినది ఇంటిలో పని దినమున కాదు, దేవుని మందిరమునకు పోయిన దినమున. నేటికిని అంతే. క్రిస్మసునాడు పసిబిడ్డను పశువుల తొట్టిలో చూచినప్పుడు, శిశువుల ప్రతిష్ఠనాడు, తల్లుల దినమున బిడ్డలు గల స్త్రీలను నిలువబెట్టి పూలు ఇచ్చినప్పుడు, కొందరి గుండె పగులుచుండును.

భర్తయైన ఎల్కానా ఆమెను ప్రేమించెను. పదిమంది కుమారులకంటె తాను మేలు కానాయని అడిగెను. మంచివాడే, కాని ఆమె కన్నీటిని త్వరగా ముగింపవలెనని చూచెను. యాజకుడైన ఏలీ ఆమె పెదవుల కదలికను చూచి, త్రాగియున్నదనుకొనెను. ప్రేమించువాడు అర్థము చేసికొనలేదు. మందిరపు పెద్ద అపార్థము చేసికొనెను. అయినను హన్నా మందిరమును విడువక, తాను మనోదుఃఖము గలదాననని పెద్దకు ఎదురుగా చెప్పెను. ఏలీ వెంటనే తన మాటను మార్చుకొని ఆమెను దీవించి పంపెను. తప్పుగా తీర్పు తీర్చిన సేవకుడు దిద్దుకొనవచ్చునని ఇచ్చట మనకు ధైర్యము కలదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువుడు. హన్నా లేచి వెళ్లి భోజనము చేసెను. ఆమె ముఖమున దుఃఖము పోయెను. సమూయేలు పుట్టినది ఆ తరువాత. ఓదార్పు ముందు వచ్చినది, బిడ్డ వెనుక వచ్చెను. మనము ఈ కథను సాక్ష్యపు కూటములలో చెప్పునప్పుడు బిడ్డతో మొదలుపెట్టి బిడ్డతో ముగింతుము. కాని బిడ్డ పుట్టకపోయినను నిలుచునది ఆ మొదటి ఓదార్పే: తన బాధను దాచక చెప్పుకొనుటకు ఒక చోటు దొరికినది, విన్నవాడు ఉన్నాడు. మతము సంతానలేమిలో నిజముగా చేయగలిగిన మేలు ఇదియే. అది బిడ్డను ఇచ్చు బేరము కాదు. బిడ్డ ఉన్నను లేకున్నను మనిషిని నిలుపు ఆశ్రయము.

వైద్యమును గూర్చి

దేవుని నమ్మినవారు వైద్యుని యొద్దకు పోరాదని తలంచుట మన మిషను చరిత్రకే విరుద్ధము. 1883 లో గుంటూరుకు వచ్చిన అన్నా సారా కుగ్లరు దొరసాని, పురుష వైద్యునికి నాడి చూపని స్త్రీల కొరకు వైద్యము మొదలుపెట్టి, 1898 లో ఆసుపత్రి తెరచెను. 1930 లో ఆమె మరణించువరకు గుంటూరే ఆమె యిల్లు. స్త్రీ దేహమును సిగ్గుగా గాక దేవుని పనిగా చూడవలెనని అట్టి ఆసుపత్రులు మనకు నేర్పినవి.

వైద్యులు చెప్పు రెండు సంగతులను ప్రతి కుటుంబము ఎరుగవలెను. ఒక ఏడాది కాపురము చేసినను గర్భము నిలువనిచో పరీక్ష చేయించుకొనవలెను. రెండవది, లోపము స్త్రీలోనే ఉండునను మాట అబద్ధము. ఇంచుమించు సగము దంపతులలో పురుషుని లోపము కూడ, లేక పురుషుని లోపమే, కారణమగుచున్నది. పురుషునికి జరుగవలసిన మొదటి పరీక్ష చాల సులువైనది. అయినను మన యిండ్లలో భార్యకు అన్ని పరీక్షలు ముగిసిన తరువాతగాని భర్త గడప దాటడు. గర్భాశయపు క్షయ మన దేశములో నాళములు మూసికొనుటకు ఒక ముఖ్య కారణము. దానికి మందు కలదు. మ్రొక్కుబడులతోనే ఏండ్లు గడపినవారు ఆ మందు కాలమును పోగొట్టుకొందురు.

1978 జూలై 25 న ఇంగ్లాండులో గాజుపాత్రలో ఫలదీకరణముచేత మొదటి శిశువు జన్మించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 3 న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషిచేత రెండవ శిశువు జన్మించెను. రోమను కతోలిక సంఘము 1987 లో ఈ పద్ధతిని అంగీకరింపలేమని బోధించెను; ప్రొటెస్టంటు సంఘములలో అనేకము దంపతుల మనస్సాక్షికి వదలినవి. 2023 అక్టోబరులో మన పేటలకు దగ్గరనే, ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వము ఇట్టి కేంద్రమును ప్రారంభించెను. బీదలకు ఇది గొప్ప మాట. ఏలయనగా ప్రయివేటు వైద్యమునకు పొలములు, నగలు అమ్ముకొన్నవారు ఉన్నారు.

అయితే బేరము గుడి వాకిటనే కాదు, ఆసుపత్రి వాకిటను ఉండగలదు. అద్దె గర్భపు వ్యాపారమును 2021 నాటి చట్టము నిషేధించినది. అయినను 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక కేంద్రము, దంపతులకు తమ బిడ్డ యని చెప్పి ఇతరుల బిడ్డను ఇచ్చెనను ఆరోపణపై పోలీసులు కేసు పెట్టిరి. ఆశగొన్నవారి కన్నీటిని సొమ్ముగా మార్చువాడు ఏ వేషమున నున్నను ఒక్కడే.

కనకనే తల్లిదండ్రులైనవారు

బిడ్డ పుట్టకనే బ్రతుకు ముగిసినచో అది వ్యర్థమా? రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగము పంతులుగారిని, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారిని జ్ఞాపకము చేసికొందము. వారికి సంతానము లేదు. 1881 డిసెంబరు 11 న మొదటి వితంతు వివాహము వారి యింట జరిగినప్పుడు ఊరు వెలివేసెను. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరినుండి నీరు మోసి, తానే వండి వడ్డించిరి. ఎవరికిని అక్కరలేని వితంతు బాలికలకు ఆ యిల్లు పుట్టిల్లయ్యెను. 1906 లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తన ఆస్తిని దానికి ఒప్పగించిరి. 1910 లో ఆమెయు, 1919 లో ఆయనయు గతించిరి. వారు బ్రహ్మసమాజపు ప్రార్థనలను నమ్మినవారు, క్రైస్తవులు కారు; అయినను సంతానలేమిలో దైవభక్తి ఏమి చేయగలదో తెలుగు దేశములో ఇంతకంటె మంచి సాక్ష్యము ఏది?

దత్తత విషయములో మాత్రము మన క్రైస్తవులు చాలకాలము చట్టమునకు వెలుపల నుండిరి. 1956 నాటి దత్తత చట్టము హిందువులకు మాత్రమే. దానితో ఆడపిల్లను దత్తు తీసికొనుటకును మార్గము తెరువబడెను. క్రైస్తవులకు 1890 నాటి సంరక్షకుల చట్టమే దిక్కు. అనగా పెంచిన తండ్రి కాగితముమీద సంరక్షకుడు మాత్రమే. పెంచిన బిడ్డకు వారసత్వము దానంతట రాదు. 2000 నాటి బాలల న్యాయ చట్టము, దానికి 2006 లో వచ్చిన సవరణ ఈ తలుపు తెరచినవి. 2014 ఫిబ్రవరి 19 న సుప్రీము కోర్టు, ఏ మతమువారైనను ఆ చట్టము క్రింద దత్తు తీసికొనవచ్చునని తీర్పు చెప్పెను. 2015 నాటి చట్టమునందును అదే క్రమము. నేడు క్రైస్తవ దంపతులు కేంద్ర దత్తత సంస్థ ద్వారా దరఖాస్తు చేసి, బిడ్డకు పూర్తి తల్లిదండ్రులు కావచ్చును. ఆసుపత్రి ఆయాద్వారానో, మధ్యవర్తి ద్వారానో రహస్యముగా బిడ్డను తెచ్చుకొనుట నేరము. పిమ్మట బిడ్డను పోగొట్టుకొను భయము కూడ దానిలో ఉన్నది.

చట్టము తెరచిన తలుపును సంఘము మూయరాదు. ‘ఎవరి రక్తమో’ యను మాట క్రైస్తవుని నోట రాదగినది కాదు. దేవుడు మనలను దత్తపుత్రులుగా స్వీకరించెనని ప్రతి ఆదివారము బోధించుచు, దత్తపుత్రుని చిన్నచూపు చూచువాడు తన రక్షణను తానే చిన్నచూపు చూచుచున్నాడు.

సమాధుల తోటలో

నారాయణగూడలో క్రైస్తవుల సమాధుల తోట కలదు. నవంబరు 2 వ తేదీన కుటుంబములవారు వచ్చి సమాధులకు సున్నము వేసి, పూలు పరచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. రాతిమీద పేరు చెక్కించువారు ఎక్కువగా కుమారులు, కుమార్తెలు. బిడ్డలు లేని వృద్ధురాలు ఆ తోటను చూచి ‘నాకు ఎవరు వెలిగింతురు?’ అని అనుకొనినచో ఆశ్చర్యమేమి? పున్నామ నరకపు భయము మనకు లేదని చెప్పుకొందుము; కాని ఆ క్రొవ్వొత్తి భయము మన యిండ్లలోను ఉన్నది. ఆలయములో కుమారులకంటెను కుమార్తెలకంటెను మేలైన పేరును దేవుడు బిడ్డలు లేనివారికి ఇచ్చునని యెషయా ప్రవక్త చెప్పెను. ఆ పేరును దేవుడు పరలోకమున వ్రాయును. భూమిమీద దానిని వ్రాయు పని సంఘమునది.

కాబట్టి ప్రియ చదువరీ, మీరు చేయగలిగినవి కొన్ని కలవు. ‘విశేషమా?’ అని అడుగుట మానుడు. ‘గొడ్రాలు’ అను మాటను మీ నోటినుండి తీసివేయుడు. మీ యింటి సీమంతమునకు, పేరుపెట్టు దినమునకు ఆమెను పిలువుడు. రానన్నచో బలవంతము చేయకుడు, నొచ్చుకొనకుడు. ఆమె కొరకు ప్రార్థింపదలచినచో ఆమెను అడిగి, తలుపు మూసి ప్రార్థింపుడు. తల్లుల దినమున పూలు ఇచ్చునప్పుడు స్త్రీలందరికిని ఇయ్యుడు. మీ కుమారుని పరీక్షకు పంపక కోడలిని మ్రొక్కులకు పంపకుడు. నవంబరు 2 న సమాధుల తోటకు పోవునప్పుడు ఒక క్రొవ్వొత్తి ఎక్కువ తీసికొని పోవుడు. వెలుగు లేని రాయి ఒకటి ప్రక్కన తప్పక కనబడును.

ఇక ఎదురుచూచుచున్న సహోదరీ, సహోదరుడా, మీకు ఒక్క మాట. హన్నా మందిరమునుండి లేచినప్పుడు ఆమె చేతులలో బిడ్డ లేదు. అయినను ఆమె తన దారిని పోయి అన్నము తినెను. మీరును నేడు భోజనము చేయుడు. రేపటి సంగతి దేవునిది.